కాంటా చీటీ లేని బండి కదలకూడదు

పంజాగుట్ట, సోమాజిగూడ నగల దుకాణాల్లో ఉంగరం తూచేటప్పుడు ఫ్యాను గాలి తగలకుండా త్రాసు చుట్టూ ఉన్న అద్దాల తలుపులు మూస్తారు. మిల్లీగ్రాముల దగ్గర తేడా వచ్చినా కొనేవాళ్లు ఊరుకోరు. అదే దుకాణాల ముందు నుంచి రాత్రి పొద్దుపోయాక సెల్లార్ మట్టి నింపుకున్న టిప్పర్లు వరసగా పోతుంటాయి. ఆ టిప్పర్ బరువెంత? డ్రైవర్‌ని అడిగితే ‘ఫుల్ లోడు’ అంటాడు. సైటు మేస్త్రీ ‘ఒక ట్రిప్పు’ అంటాడు. ఓనర్ అయితే ఆర్సీలో ఉన్న అంకె చదివి చెబుతాడు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అలాగని ఎవరూ తూచిందీ లేదు.

హైదరాబాద్ నడిబొడ్డున భారీ బండ్ల పరిస్థితి ఇదీ. అమీర్‌పేట, పంజాగుట్ట మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద టిప్పర్లు, నీళ్ల ట్యాంకర్లు, రెడీమిక్స్ లారీలు, ప్రైవేటు ట్రావెల్స్ బస్సులు, ఆగిపోయిన కార్లను లాక్కుపోయే క్రేన్లు... అన్నీ అంచనా మీదే నడుస్తున్నాయి. బండి మోయగలిగిన బరువు కాగితం మీద ఉంటుంది. మోస్తున్న బరువు కాంటా ఎక్కితే తప్ప తెలియదు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడకుండా ఏ భారీ బండినీ నగరంలోకి రానివ్వకూడదు.

ముందు లెక్క చూద్దాం. కేంద్రం 2018 జులైలో యాక్సిల్ బరువుల పరిమితులు పెంచింది. రెండు యాక్సిళ్ల లారీ మొత్తం బరువు 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు చేరింది. అతి పెద్ద ట్రైలర్ లారీకి గరిష్ఠ పరిమితి 49 నుంచి 55 టన్నులైంది. పది టైర్ల టిప్పర్‌కు ఇప్పుడు సుమారు 28 టన్నుల దాకా అనుమతి ఉంది. ఖాళీ బండే 11 టన్నులు తూగిందనుకుంటే మట్టికి మిగిలేది 17 టన్నులు. తొట్టి 16 క్యూబిక్ మీటర్లది అయితే, తవ్వి పోసిన మట్టిని క్యూబిక్ మీటరుకు ఒకటిన్నర టన్ను చొప్పున వేసుకున్నా 24 టన్నులు. అంటే తొట్టి అంచుల దాకా నింపితే చాలు, ఏడు టన్నులు ఎక్కువైపోతాయి. వాన పడి మట్టి తడిసిన రోజున అదే తొట్టి, అదే ట్రిప్పు ఇంకో నాలుగైదు టన్నులు అదనంగా తూగుతుంది. బయటి నుంచి చూసేవాడికి తేడా కనిపించదు. బ్రేకు మీద కాలు పెట్టినవాడికి మాత్రం తెలుస్తుంది.

ఇసుక, కంకర, మట్టి మన దగ్గర ట్రిప్పుల్లోనో, ట్రాక్టర్ లోడుల్లోనో అమ్ముడవుతాయి. కొనేవాడు చూసేది తొట్టి నిండిందా లేదా అన్నది. కిరాయి కూడా చాలాచోట్ల ట్రిప్పుకే. ఇలాంటి బేరంలో నాలుగు గంపలు ఎక్కువ వేయించుకున్నవాడు తెలివైనవాడు, కాంటా వేయిద్దామన్నవాడు చాదస్తుడు. ఓవర్‌లోడు పుట్టేది హైవే మీద కాదు, ఈ బేరం దగ్గరే.

ట్రైలర్ లారీల సంగతి మరికొంచెం చిక్కుది. ముందు లాగే బండి ఒకటి, వెనక సరుకు మోసే ట్రైలర్ ఒకటి. లాగే బండి వెనక యాక్సిల్ మీద గ్రీజు పూసిన గుండ్రటి ఇనుప పళ్లెం ఉంటుంది. లారీవాళ్లు దాన్ని ఫిఫ్త్ వీల్ అంటారు. ట్రైలర్ అడుగున ఉండే కింగ్‌పిన్ వచ్చి అందులో పడి బిగుసుకుంటుంది. దాంతో ట్రైలర్ బరువులో కొంత దాని చక్రాల మీద, మిగిలింది లాగే బండి వెనక యాక్సిల్ మీద పడుతుంది. ఎక్కడ ఎంత పడాలన్నది సరుకు పేర్చిన తీరును బట్టి ఉంటుంది.

అయిదు యాక్సిళ్ల ట్రైలర్ లారీలో ముందు యాక్సిల్‌కు 7 టన్నులు, లాగే యాక్సిల్‌కు 11.5 టన్నులు, ట్రైలర్ కింది మూడు యాక్సిళ్లకు కలిపి 27 టన్నులు పరిమితి. మొత్తం 45.5 టన్నులు. ఇప్పుడొక బండి కాంటా ఎక్కింది, 44 టన్నులు చూపించింది. చూడబోతే చట్టప్రకారమే ఉంది. కానీ ఇనుప చుట్టలన్నీ ట్రైలర్ ముందు భాగంలో పేర్చారు. ముందు 7, మధ్యలో 15, వెనక 22 పడింది. మొత్తం సరిగ్గానే ఉన్నా, లాగే యాక్సిల్ మీద మూడున్నర టన్నులు అదనం.

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం ఒట్టావా దగ్గర 1958 నుంచి రెండేళ్ల పైగా లారీలను అదేపనిగా తిప్పి రోడ్ల మీద ఒక పెద్ద పరీక్ష చేశారు. యాక్సిల్ బరువు పెరిగేకొద్దీ రోడ్డుకు జరిగే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందని అప్పుడు తేలింది. ఆ లెక్కన 11.5 టన్నులు పడాల్సిన చోట 15 పడితే రోడ్డు నలిగేది మూడో వంతు ఎక్కువ కాదు, దాదాపు మూడు రెట్లు. అందుకే అక్కడి హైవేల పక్కనున్న క్యాట్ స్కేల్ కాంటాల్లో ముందు యాక్సిల్, లాగే యాక్సిళ్లు, ట్రైలర్ యాక్సిళ్లు వేర్వేరు పలకల మీదకు వస్తాయి. ఒకే చీటీ మీద మూడు అంకెలు, కింద మొత్తం. పికప్ ట్రక్కు వెనక ఇంటిలాంటి ట్రైలర్ తగిలించుకుని సెలవులకు వెళ్లే కుటుంబాలు కూడా డబ్బు కట్టి అక్కడ తూకం వేయించుకుంటాయి. మన దగ్గర మామూలు వే బ్రిడ్జి బండినంతా ఒక్క పలక మీదకు ఎక్కించి ఒకటే అంకె చెబుతుంది.

అమీర్‌పేట రోడ్ల మీద రోజూ కనిపించే టోయింగ్ క్రేన్‌ది ఇదే కథకు రెండో వైపు. ట్రైలర్ బరువు ఫిఫ్త్ వీల్ ద్వారా లాగే బండి వెనక యాక్సిల్ దగ్గరే దిగుతుంది కాబట్టి ముందు చక్రాలు నేలను వదలవు. క్రేన్‌కు కారును తగిలించేది మాత్రం వెనక యాక్సిల్‌కు బాగా అవతల. అది ఏతంలా పనిచేస్తుంది. ముందూ వెనకా చక్రాల మధ్య మూడు మీటర్లున్న క్రేన్, వెనక యాక్సిల్‌కు ఒకటిన్నర మీటర్ల అవతల ఒక టన్ను ఎత్తిందనుకోండి. వెనక యాక్సిల్ మీద పెరిగేది టన్ను కాదు, టన్నున్నర. ముందు యాక్సిల్ మీద అర టన్ను తగ్గిపోతుంది. స్టీరింగ్ తిరిగేది ఆ ముందు చక్రాలతోనే. మారుతీ 800 రోజుల్లో కారంతా కలిపి ముప్పావు టన్ను కూడా లేదు. ఇవాళ రోడ్డు మీదున్న పెద్ద ఎస్‌యూవీలు రెండు టన్నుల దగ్గర తూగుతున్నాయి. కార్లు బరువెక్కాయి కాబట్టి వాటిని లాగే క్రేన్ల సామర్థ్యాన్నీ మళ్లీ లెక్క చూడాలి. ప్రతి టోయింగ్ బండి తలుపు మీద అది ఎత్తగల బరువును రంగుతో రాయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

బరువు విషయంలో ఈ నగరం నేర్చుకోవాల్సిన పాఠాలు కళ్లెదుటే ఉన్నాయి. 2007 సెప్టెంబర్ 9న పంజాగుట్టలో నిర్మాణంలో ఉన్న ఫ్లైఓవర్ భాగం కుప్పకూలి ఇద్దరు చనిపోయారు. అంతకు అయిదారు వారాల ముందే, ఆగస్టు 1న, అమెరికాలోని మినియాపోలిస్‌లో మిసిసిపీ నది మీది వంతెన కూలి 13 మంది మరణించారు. డిజైన్‌లో ఉక్కు పలకలు ఉండాల్సినంత మందంగా లేవనీ, మరమ్మతుల కోసం వంతెన మీద గుట్టలుగా పోసిన సామగ్రి బరువు దానికి తోడైందనీ అక్కడి దర్యాప్తు సంస్థ తేల్చింది.

హుస్సేన్‌సాగర్ బుద్ధుడి కథ తెలియనివారు లేరు. భువనగిరి దగ్గర రాయగిరిలో చెక్కిన ఏకశిలా విగ్రహాన్ని 192 చక్రాల ట్రైలర్ మీద నగరానికి తెచ్చారు. దాని బరువు 350 టన్నులని కొందరు రాస్తారు, 450 అని మరికొందరు రాస్తారు. ఒకే రాయికి ఇంత తేడాతో అంకెలు చలామణి అవుతున్నాయి. 350 అనుకుంటే చక్రానికి రెండు టన్నుల లోపు, 450 అయితే రెండు దాటుతుంది. ట్రైలర్ సొంత బరువు దీనికి అదనం. రోడ్డు మీద బరువును అన్ని చక్రాలూ పంచుకోవడంతో ప్రయాణం సాగింది. నీళ్ల మీద 1990 మార్చి 10న బార్జి ఒరిగి విగ్రహం మునిగింది, పలువురి ప్రాణాలు పోయాయి. విగ్రహాన్ని పైకి తీసి నిలబెట్టింది 1992 డిసెంబర్ 1న. బరువు ఎంతో తెలిస్తే సరిపోదు, అది ఎక్కడ కేంద్రీకృతమై ఉందో కూడా తెలియాలని ఆ ఘటన చెబుతుంది.

ఇప్పటికీ మన అలవాటు మారలేదు. 1954లో మొదలైన ఖైరతాబాద్ గణపతి ఎత్తు ఏటా పత్రికల్లో అడుగులతో సహా వస్తుంది. 2022లో తొలిసారి మట్టితో చేసినప్పుడు 50 అడుగులు, 2024లో 70 అడుగులు. బరువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘సుమారు’ అన్న మాట వచ్చి చేరుతుంది. మట్టి విగ్రహం వానకు నీరు పీలిస్తే ఆ సుమారు కూడా మారిపోతుంది. లక్షల మంది జనం మధ్య నుంచి ట్రైలర్ మీద కదిలే విగ్రహం అది. చక్రాల కింద పరిచి తూచే పలకలు ఇప్పుడు దొరుకుతున్నాయి. శోభాయాత్రకు ముందే యాక్సిళ్ల వారీగా తూకం వేసి ఆ అంకెలు బయట పెట్టడం ఉత్సవ కమిటీకీ పోలీసులకూ ఒక పూట పని.

2025 నవంబర్ 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడ రోడ్డు మీద కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొన్నప్పుడు 19 మంది చనిపోయారు. ప్రమాదం ఎందుకు జరిగిందన్నదానికి ఎన్నో కారణాలు వినిపించాయి. బస్సులోకి కుమ్మరించుకుపోయిన కంకర కింద ప్రయాణికులు కూరుకుపోయిన దృశ్యాలు మాత్రం రాష్ట్రమంతా చూసింది. టన్నుల కొద్దీ కంకర మీద పడ్డాక మనిషి చేయగలిగేది ఏమీ ఉండదు.

చట్టం లేక కాదు. మోటారు వాహనాల చట్టం 113వ సెక్షన్ ఆర్సీలో రాసిన బరువు మించి నడపొద్దంటుంది; డ్రైవర్ నడిపినా యజమానికి తెలిసే జరిగిందని భావించవచ్చంటుంది. 114వ సెక్షన్ అనుమానం వస్తే బండిని దగ్గరలోని కాంటాకు తీసుకెళ్లమనే అధికారం ఇస్తుంది. 2019 సెప్టెంబర్ నుంచి ఓవర్‌లోడుకు జరిమానా 20 వేల రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2 వేలు. కాంటాకు రానని మొండికేస్తే 40 వేలు. పైన చెప్పిన, ఏడు టన్నులు అదనంగా మోసే టిప్పర్‌కు 34 వేలు పడాలన్నమాట. జరిమానా కట్టేసి అదే లోడుతో ముందుకు పోవడం కుదరదని, అదనపు సరుకు దించాల్సిందేనని సుప్రీంకోర్టు 2005 నవంబర్‌లో పరమ్‌జీత్ భాసిన్ కేసులో స్పష్టంగా చెప్పింది.

అయినా బండ్లు పోతున్నాయంటే, తూకం అనేది పట్టుబడినప్పుడు జరిగే పని కావడం వల్లే. బయల్దేరేటప్పుడు జరగాల్సిన పని అది.

కాంటా దగ్గర జరిగే మతలబులూ తక్కువేం కాదు. ఖాళీ బండి తూకం ఎక్కువ చూపించాలంటే డీజిల్ ట్యాంకు నిండా పోయించి, తాళ్లూ టార్పాలినూ స్పేర్ టైరూ అన్నీ ఎక్కించి తూపిస్తారు. 350 లీటర్ల డీజిలే మూడు క్వింటాళ్ల దాకా తూగుతుంది. లోడు బండి తూకం తగ్గాలంటే వెనక చక్రం పలక అంచు దాటి అరడుగు అవతల నిలబడితే చాలు. అద్దాల గదిలో కూర్చున్న ఆపరేటర్‌కు స్క్రీన్ మీది అంకె కనబడుతుంది, చక్రం కనబడదు. చీటీ మీద బండి ఫొటో, టైము, నాలుగు మూలల కెమెరా చిత్రం కూడా వచ్చేలా చేస్తే ఈ ఆటలు చాలావరకు కట్టడి అవుతాయి.

సరుకు బయల్దేరకముందే తూచే పని సముద్రం మీద ఎప్పుడో మొదలైంది. 2007 జనవరిలో ఎంఎస్‌సీ నాపోలి అనే నౌక ఇంగ్లిష్ చానల్ ప్రాంతంలో పగిలింది. డెక్ మీది కంటెయినర్లను తర్వాత తూచి చూస్తే ప్రతి అయిదింటిలో ఒకదాని బరువు కాగితాల్లో రాసినదానికి మూడు టన్నులకు మించి తేడాగా ఉంది. 2016 జులై 1 నుంచి ప్రపంచమంతటా ధ్రువీకరించిన బరువు లేకుండా కంటెయినర్‌ను ఓడ ఎక్కించకూడదన్న నిబంధన వచ్చింది. వ్యాపారం ఆగిపోతుందని అప్పట్లో గగ్గోలు పెట్టారు, ఆగలేదు. విశాఖ రేవు నుంచి పోయే కంటెయినర్లకూ అదే నిబంధన. ఓడ ఎక్కే సరుకుకు ఉన్న క్రమశిక్షణ అమీర్‌పేట కూడలి దాటే సరుకుకు ఎందుకు ఉండకూడదు?

రవాణా శాఖ, జీహెచ్‌ఎంసీ, ట్రాఫిక్ పోలీసులు కలిస్తే ఇది నెలల్లో అయ్యే పని. సెల్లార్ తవ్వకానికి అనుమతి ఇచ్చేటప్పుడే మట్టిని ట్రిప్పుల్లో కాకుండా టన్నుల్లో లెక్కగట్టాలి. సైటు గేటు దాటే ప్రతి టిప్పర్‌కూ యాక్సిళ్ల వారీ కాంటా చీటీ ఉండాలి. చీటీ లేకపోతే బండితో పాటు బిల్డర్ మీదా కేసు పెట్టాలి. కాంటాల మీద తూనికలు, కొలతల శాఖ ముద్ర గడువు ఏ రోజుతో తీరుతుందో గేటు దగ్గర కనబడేలా పెట్టాలి. ఇల్లు కట్టుకుంటూ ఇసుకో కంకరో తెప్పించుకునేవాళ్లు కూడా తొట్టి నిండిందా అని చూడటం మాని, డబ్బు చేతిలో పెట్టే ముందు కాంటా చీటీ అడిగి తీసుకోవాలి.