వినడానికొక గది

పసుపు సీజన్లో మా దుగ్గిరాల మార్కెట్ యార్డుకి పొద్దున్నే వస్తే, ఎక్కడికొచ్చామో గేటు దాటకముందే ముక్కు చెబుతుంది. ఒక పక్క కొమ్ములు, ఒక పక్క కాయలు, మధ్యలో ముఖానికి తుండుగుడ్డ చుట్టుకుని బస్తాలు మోసే హమాలీలు. అక్కడ ఒక కమీషన్ దుకాణంలో నేను పద్దులు రాస్తాను. ముహూర్తాలున్న రోజుల్లో పెళ్లి ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. ఈ రెండూ ఊరందరికీ తెలిసినవే. తెలియనిది మూడోది. ఏడేళ్లుగా నాకు జపాన్ జాజ్ పిచ్చి పట్టింది.

“జపాను మనకెందుకండీ, అందులోనూ జాజు?” అని మా ఆవిడే నవ్వింది. ఇక మిగతావాళ్ల సంగతి చెప్పేదేముంది. అయినా ఇంట్లో దాచుకోకుండా పేపర్లో రాస్తున్నానంటే నాకొక పనుంది. ఒకటి అడగాలి. అడిగేముందు ఈ పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి.

రేపల్లె వైపు ఒక పెళ్లిలో వాయిస్తుండగా నా కీబోర్డులో ఒక మెట్టు మూగబోయింది. అదీ నడిమి షడ్జమం. రాత్రంతా ఆ ఒక్క స్వరాన్ని తప్పించుకుంటూ వాయించాను, కాలికి ముల్లు గుచ్చుకున్నవాడు నడిచినట్టు. తెల్లవారుజామున తెనాలి స్టేషన్లో బెంచీ మీద కూర్చుని, ఆ మెట్టును ఎలా బాగుచేసుకోవాలో ఫోన్లో చూస్తున్నాను. ఆ వీడియో అయిపోయింది. తర్వాతది దానంతటదే మొదలైంది. పియానో, బేస్, డ్రమ్స్. వాయించేది ముగ్గురే. పాడేవాళ్లు లేరు. బండి వచ్చింది, పోయింది. నేను ఎక్కలేదు.

అది రియో ఫుకుయి అనే ఆయన 1976లో ఇచ్చిన ‘సీనరీ’ అనే రికార్డు. ప్రపంచంలో ఎంతోమంది నాలాగే వెతక్కుండానే దాన్ని యూట్యూబ్‌లో కలుసుకున్నారని తర్వాత తెలిసింది. ఆయన జీవితం చదివాక ఇంకా దగ్గరయ్యాడు. జపాన్ ఉత్తరాన చలిదేశం లాంటి హొక్కైదోలో పుట్టాడు. పద్దెనిమిదో ఏట అకార్డియన్ పట్టాడు. పియానో ముందు కూర్చున్నది ఇరవై రెండో ఏట, అదీ సొంతంగా నేర్చుకుంటూ. ఆరేళ్లు తిరిగేసరికి ఈ రికార్డు. తర్వాత సప్పోరోలో ‘స్లోబోట్’ అని ఒక చిన్న క్లబ్బు పెట్టుకుని భార్యతో కలిసి నడుపుకున్నాడు. 2016లో పోయాడు. అకార్డియన్ అంటే తిత్తి వాయిద్యమే కదా, మన హార్మోనియానికి తమ్ముడు. తిత్తి దగ్గర మొదలైనవాడు పియానో దాకా వెళ్లాడంటే నాకు అదో ధైర్యం.

ఎందుకంటే నేను కూడా తిత్తి దగ్గరే మొదలయ్యాను. మా పెదనాన్న పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడు. తెనాలి చుట్టుపక్కల ఏ ఊళ్లో హరిశ్చంద్ర వేసినా, కృష్ణరాయబారం వేసినా, పెట్టె సంచిలో పెట్టుకుని సైకిలు వెనక కట్టేవాడు. నన్ను ముందు బద్దీ మీద కూర్చోబెట్టేవాడు. స్టేజీ పక్కన ఆయన మోకాలికి ఆనుకుని కూర్చుని నేను చూసింది నటుల మొహాలు కాదు, ఆయన వేళ్లు.

ఇప్పుడు ఒక సీసపద్యం సంగతి చూడండి. నాలుగు పెద్ద పాదాలు, ఆ పైన ఎత్తుగీతి. కొలత మారదు, ప్రతి పాదానికీ అదే నడక. కానీ నటుడు ఏ రెండు రాత్రులూ దాన్ని ఒకేలా పాడడు. మొదటి పాదం మాటలా విసిరేస్తాడు. రెండో పాదం చివర రాగం పట్టుకుని ఎక్కడికో వెళ్లిపోతాడు. జనం ఈల వేస్తే ఇంకో మెట్టు ఎక్కుతాడు. ఎక్కడ దిగుతాడో ఆయనకే తెలియదు, పక్కనున్న హార్మోనిస్టుకి తెలియాలి. పెదనాన్న ఆ రాగాన్ని వెంటాడేవాడు కాదు. ఒక అడుగు వెనకే ఉండి, శ్రుతి ఒక్కటి పట్టుకుని, నటుడు ఊపిరి పీల్చుకునే సందులో రెండు స్వరాలు అందించేవాడు. అంతే. నాలుగో పాదం అయ్యి ఎత్తుగీతి అందుకునే ముందు మాత్రం నటుడు కండువా సర్దుకుంటూ అటు నుంచి ఇటు నడుస్తాడు. ఆ నాలుగడుగులు పెదనాన్నవి. మునివేళ్లతో పెట్టె మీద పరిగెత్తి, సరిగ్గా నటుడు తిరిగి నిలబడేసరికి ఆ స్వరం మీద వచ్చి ఆగేవాడు.

“ఒరేయ్ అబ్బాయ్, పద్యం ఆయనది. సందు మనది. సందు చూసుకోవడమే మన చదువు” అనేవాడు.

తెనాలి స్టేషన్ బెంచీ మీద నేను విన్నది అదే. జాజ్‌లో ఒక పాట వరస ఉంటుంది, ఎక్కువగా ముప్పై రెండు చుట్ల కొలత. ఆ కొలత అలాగే తిరుగుతూ ఉంటుంది, వాయించేవాడు ప్రతి తిరుగుడికీ కొత్త మాట చెబుతాడు. సీసపద్యానికి నాలుగు పాదాలు, దీనికి ముప్పై రెండు చుట్లు. ట్రంపెట్ వాడో, సాక్సోఫోన్ వాడో రాగం తీస్తుంటే పియానో వాడి ఎడమ చెయ్యి సందుల్లో అందిస్తుంది. నలభై ఏళ్ల కిందట సైకిలు మీద పోయిన పెదనాన్న చెయ్యి ఎక్కడో సప్పోరోలో కదులుతున్నట్టనిపించింది. ఈ పోలిక అమెరికా జాజ్‌కీ వర్తిస్తుందిగా అంటారు. నిజమే. కానీ నా మనసు జపాన్ దగ్గరే ఆగింది. వాళ్లూ అరువు తెచ్చుకున్నవాళ్లే, మనలాగే.

అరువు సంగతి కాస్త చెప్పాలి. నా కీబోర్డు మీద యమహా అనే పేరుంది. ఆ కంపెనీ మొదలైంది పియానోతో కాదు. 1887లో హమమత్సు ఊరి బడిలో చెడిపోయిన ఒక రీడ్ ఆర్గన్‌ను తొరాకుసు యమహా అనే మనిషి బాగుచేశాడు. రీడ్ ఆర్గన్ అంటే హార్మోనియం వంశమే. బాగుచేసినవాడు ఊరుకోకుండా సొంతంగా ఒకటి తయారుచేసి, కావడికి కట్టి, హకోనే కొండలు దాటి టోక్యో మోసుకెళ్లాడు. అక్కడి సంగీత పండితులు విని, శ్రుతి బాగాలేదన్నారు. ఆయన అలిగి వెనక్కి రాలేదు. నెలరోజులు అక్కడే కూర్చుని శ్రుతి శాస్త్రం నేర్చుకుని, ఇంటికెళ్లి మళ్లీ చేశాడు. ఆ హమమత్సులోనే 1979లో హిరోమి ఉయెహారా పుట్టింది. ఆ అమ్మాయి పియానో వాయిస్తుంటే చూడండి, మోచేతులు కూడా వాయిస్తాయి. 2021లో టోక్యో ఒలింపిక్స్ ఆరంభోత్సవంలో వాయించింది ఆవిడే.

మన దగ్గరేమయింది? హార్మోనియం పరాయిదని 1940లో ఆలిండియా రేడియో దాన్ని గడప తొక్కనివ్వలేదు. 1971 దాకా అదే వరస. గమకం పలకదన్నారు. పలకదు, నిజమే. కానీ రేడియో కాదన్న పెట్టెతోనే కృష్ణా డెల్టాలో తెల్లవార్లూ నాటకాలు నడిచాయి. వయొలిన్ పరాయిది కాదా? మన పాలకొల్లు శ్రీనివాస్ చేతిలో మాండలిన్ పరాయిదా? 1983లో ఆ కుర్రాడు బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కర్ణాటక సంగీతం వాయిస్తే జాజ్ వాళ్లే నోరెళ్లబెట్టి విన్నారు. తర్వాత జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ తన ‘రిమెంబర్ శక్తి’ బృందంలో పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

జపాన్ వాళ్లలో నన్ను ఎక్కువ కదిలించిన మనిషి తొషికో అకియోషి. 1929లో మంచూరియాలో పుట్టింది. యుద్ధంలో కుటుంబం అన్నీ పోగొట్టుకుని జపాన్ తిరిగొచ్చింది. 1956లో బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత విద్యాలయంలో చేరింది. ఆడమనిషి, అందులోనూ జపాన్ మనిషి జాజ్ వాయించడమేమిటని అమెరికాలో వింతగా చూశారు. ఏళ్ల తరబడి అమెరికా వాళ్లలాగే వాయించి, చివరికి 1974లో ‘కొగున్’ అని ఒక రికార్డు చేసింది. యుద్ధం అయిపోయిందని నమ్మక ఫిలిప్పీన్స్ అడవిలో ఇరవై తొమ్మిదేళ్లు దాక్కున్న ఒనోదా అనే సైనికుడు బయటికొచ్చిన ఏడాది అది. కొగున్ అంటే ఒంటరిగా పోరాడేవాడని అర్థం. పెద్ద బాండు మధ్యలో జపాన్ నో నాటకపు త్సుజుమి డోలు మోగుతుంది. టక్, తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు, మళ్లీ టక్. ఆ ఖాళీని వాళ్లు ‘మా’ అంటారు. పెదనాన్న దాన్నే సందు అన్నాడు. రెండేళ్ల తర్వాత, ఫ్యాక్టరీ వదిలిన పాదరసం తిన్న చేపలతో మినమాత అనే ఊరి జనం ఎలా చచ్చిపోయారో అదీ జాజ్‌లో చెప్పింది. కాలవ పక్కన పుట్టి పెరిగిన నాకు ఆ ముక్క అర్థం కావడానికి జపాన్ భాష అక్కర్లేకపోయింది.

ఇక నా ఫిర్యాదు. పోయినేడు ఒక పెళ్లిలో ఈవెంటు నడిపేవాళ్లు పెన్‌డ్రైవ్ ఇచ్చి, “మాస్టారూ, ట్రాక్ నడుస్తుంది, మీరు చేతులు కదిలిస్తే చాలు” అన్నారు. కదిలించాను. డబ్బులిచ్చారు. తప్పు వాళ్లది మాత్రమే అనను. వినేవాడుంటే వాయించేవాడుంటాడు. కుర్రాళ్లు నా దగ్గర కీబోర్డు నేర్చుకోవడానికొస్తారు, బటన్ నొక్కితే తాళం దానంతటదే నడవాలంటారు. వాళ్లనీ ఏమీ అనను. వాళ్లు సంగీతాన్ని ఎప్పుడూ ఏదో ఒక పని చేస్తూనే విన్నారు. బండి నడుపుతూ, భోంచేస్తూ, ఫోన్లో వేలు జారుస్తూ.

జపాన్ వాళ్లు వినడానికొక చోటు కట్టుకున్నారు. జాజ్ కిస్సా అంటారు, అంటే కాఫీ హోటలే. విదేశీ రికార్డు కొనాలంటే మామూలు జీతగాడికి తలకు మించిన ఖర్చైన రోజుల్లో, హోటలు యజమాని కొనేవాడు, మంచి స్పీకర్లు పెట్టేవాడు. ఒక కాఫీ డబ్బులిచ్చి గంటల తరబడి కూర్చోవచ్చు. చాలాచోట్ల మాట్లాడకూడదని బోర్డు ఉండేది. యొకొహామాలో ‘చిగుసా’ అనేది 1933లో మొదలైంది. యుద్ధకాలంలో జాజ్ శత్రువుల సంగీతమని నిషేధించారు, రికార్డులు పోయాయి. యుద్ధం తర్వాత మళ్లీ తెరిచారు. అకియోషి, సాక్సోఫోన్ వాయించే సదావో వతనబే లాంటివాళ్లు కుర్రతనంలో అక్కడ కూర్చుని ఒకే ముక్కను మళ్లీ మళ్లీ పెట్టించుకుని స్వరాలు కాగితం మీద ఎక్కించుకున్నారు. నవలలు రాసే హరుకి మురకామి కూడా మొదట ఇలాంటి హోటలే నడిపాడు. బడులు తర్వాత వచ్చాయి. ముందు గది వచ్చింది.

ఇది మనకు కొత్తేమీ కాదు. పంచాయతీ రేడియో ముందు ఊరంతా కూర్చుని విన్న తరం ఇంకా బతికే ఉంది. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో పుట్టింది, 1929లో గాంధీగారు వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పుస్తకం కొనలేనివాడి కోసం ఊరు ఒక గది కట్టి, నిశ్శబ్దం పాటించండి అని గోడ మీద రాసింది. చదవడానికి అలాంటి గది కట్టినవాళ్లం, వినడానికి ఎందుకు కట్టలేదో నాకు అర్థం కాదు. ఈరోజు ఫోన్లో అన్నీ ఉన్నాయిగా అంటారు. చవకైంది పాట. దొరకనిది గంటసేపు కదలకుండా కూర్చునే చోటు, పక్కన ఇంకో నలుగురు వింటున్నారన్న భరోసా.

ఇప్పుడు అడుగుతున్నాను. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు ఉంది. ఆ సెస్సుతో నడిచే శాఖా గ్రంథాలయాల్లో ఒక్కచోట, తెనాలిలోనో దుగ్గిరాలలోనో, ఆదివారం సాయంత్రం రెండు గంటలు ఒక గది ఇప్పించండి. కొత్త భవనం వద్దు, బడ్జెట్ వద్దు. మొదటివారం జపాన్ పెట్టను, భయపడకండి. ఈమని శంకరశాస్త్రిగారి వీణ పెడతాను, ఆ ఇంటిపేరున్న ఊరు మా మండలంలోనే ఉంది. రెండోవారం పాత నాటక పద్యాలు. మూడోవారం శ్రీనివాస్ మాండలిన్. నాలుగోవారం ఫుకుయి.

స్పీకర్లు నావి. చాపలు మా ఇంట్లో ఉన్నాయి. టీ ఖర్చు మా దుకాణం కుర్రాళ్లు పెట్టుకుంటామన్నారు. తాళంచెవి ఎవరి దగ్గరుందో వారు ఒక కబురు పంపితే చాలు.