ఉత్త చేతుల ఆటకు రూలే అండ



కబడ్డీకి బ్యాటు అక్కర్లేదు, బంతి అక్కర్లేదు. ముగ్గుతో గీతలు గీస్తే చాలు. అందుకే అది హాస్టళ్ళ ఆట అయింది. కొల్లిపర చుట్టుపక్కల లంకల నుంచి వచ్చిన మాలో చాలామందిమి కృష్ణ ఇసుకలోనే కూత నేర్చుకున్నాము. పట్టు మాకు బాగానే వచ్చు. రూలే రాదు. ఈ మాట సిగ్గుపడుతూనే చెబుతున్నాము.

ఒక సంక్రాంతికి వేరే ఊరి పోటీలకు వెళ్ళాము. మా రైడర్‌ని పట్టినవాళ్ళలో ఒకడు నోరు మూశాడు. కూత ఆగింది. అవుట్ అన్నారు. మేము అరిచాము, తిట్టాము, చొక్కాలు పట్టుకున్నాము. చివరికి మమ్మల్నే బయటికి పంపారు. నోరు మూసినా, గొంతు నొక్కినా, కాళ్ళతో కత్తెర పట్టు వేసినా రైడర్ నాటౌట్ అని నియమావళిలోనే ఉందని మాకు చాలాకాలం తర్వాత తెలిసింది. ఆ ఒక్క మాట ఆ రోజు మాలో ఒక్కడికీ తెలియదు.

కబడ్డీ నియమాలు బలవంతుడి కోసం రాసినవి కావు. రైడర్‌ని కాళ్ళూ చేతులూ మొండెమూ తప్ప మరోచోట కావాలని పట్టరాదు. గోళ్ళు కత్తిరించుకోవాలి. ఒంటికి నూనె రాయరాదు. పురుషులకు 85 కిలోలు, స్త్రీలకు 75 కిలోలు మించరాదు. ముగ్గురో అంతకంటే తక్కువమందో మిగిలి రైడర్‌ని పడితే సూపర్ ట్యాకిల్, ఒక పాయింటు అదనం. భారతంలో జరాసంధుడు కూడా కుస్తీకి తనకు సరిజోడు అని భీముణ్ణే కోరుకున్నాడు. మనమేమో ఇంటర్ అన్నలనూ ఆరో తరగతి పిల్లలనూ ఒకే కోర్టులో దించి, "దెబ్బలు తింటేనే గట్టిపడతారు" అంటున్నాము. అది తప్పు.

ఆటకు పుస్తకమెందుకు అని కొందరు నవ్వుతారు. 2023 అక్టోబరు 7న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్ గుర్తుచేసుకోండి. ఇరాన్‌తో స్కోరు 28-28. ఆఖరి నిమిషాల్లో, తర్వాత తెలుగు టైటాన్స్‌కు ఆడిన పవన్ సెహ్రావత్ రైడ్‌కు వెళ్ళి ఎవరినీ తాకకుండానే లాబీలో అడుగుపెట్టాడు. తాకిన తర్వాతే లాబీ ఆటస్థలమవుతుంది. ఇరాన్ ఆటగాళ్ళు అతని వెంట లాబీలోకి వెళ్ళారు. అవుటయింది రైడర్ ఒక్కడేనా, వెంట వెళ్ళినవాళ్ళు కూడానా? ఈ ఒక్క రూలు మీద ఆట గంటకు దగ్గరగా ఆగిపోయింది. చివరికి 33-29తో స్వర్ణం మనకు దక్కింది. అంత పెద్ద ఆటగాళ్ళే రూలు కోసం గంటసేపు వాదిస్తే, మనకు దాని అవసరం లేదా?

కాబట్టి మా కోరిక మూడు మాటలే. నియమాలను తెలుగులో ఒక చార్టు మీద రాసి హాస్టల్ గోడకు అంటించండి. బరువు చూసి జట్లు కట్టండి. రోజుకొకరు విజిల్ పట్టండి. ఆ సాయంత్రం అతను ఎనిమిదో తరగతి కుర్రాడైనా అతని మాటే మాట.

ఇది ఆట దగ్గరే ఆగదు. రేపు స్కాలర్‌షిప్పు కోసమో, సర్టిఫికెట్ కోసమో ఏదో ఒక కిటికీ ముందు నిలబడతాము. అక్కడ కూడా మన చేతులు ఖాళీగానే ఉంటాయి. అరిచినవాణ్ణి బయటికి గెంటడం తేలిక. రూలు చూపించి అడిగినవాడికి మాత్రం ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థులం