వీసా రాలేదు, ఆ తర్వాత?

2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం ఒకటి 104 మంది భారతీయులను తీసుకొచ్చి అమృత్‌సర్‌లో దింపింది. చేతులకు సంకెళ్లు, కాళ్లకు గొలుసులు వేసి తెచ్చారని వచ్చినవారు చెప్పారు. మరునాడు పార్లమెంటులో దుమారం రేగింది. ఇలా తిప్పి పంపడం కొత్త కాదని, సంకెళ్ల పద్ధతి 2012 నుంచే ఉందని, స్త్రీలకూ పిల్లలకూ అవి వేయరని విదేశాంగ మంత్రి జైశంకర్ రాజ్యసభలో సమాధానమిచ్చారు. మనిషిని అలా కట్టి తీసుకురావడం మాకు బాధ కలిగించింది, ఆ మాట దాచుకోము. అయితే సంకెళ్ల గురించి జరిగినంత చర్చ, వీళ్లను అక్కడిదాకా ఎవరు పంపారు, ఏమని చెప్పి పంపారు అన్నదాని మీద జరగలేదు.

ఆ విమానంలో హర్యానా, గుజరాత్‌ల నుంచి 33 మంది చొప్పున, పంజాబ్ నుంచి 30 మంది ఉన్నారు. మిగిలినవారు మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్, చండీగఢ్ వాళ్లు. తెలుగు రాష్ట్రాల పేర్లు లేవు. "మనవాళ్లు లేరులెండి" అని కొందరు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. 2019లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అనే పేరుతో అమెరికా ప్రభుత్వమే నడిపిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయం వలలో 129 మంది భారతీయ విద్యార్థులు పట్టుబడినప్పుడు, వారిలో అత్యధికులు మన తెలుగు బిడ్డలే అన్న సంగతి అంత త్వరగా మరచిపోతామా? వాళ్లు వీసా మీద వెళ్లినవాళ్లు, వీళ్లు వీసా లేకుండా వెళ్లినవాళ్లు. దారి వేరు, తొందర ఒకటే.

మన ఇళ్లలో ఈ కథ తరచుగా టూరిస్టు వీసా దగ్గర మొదలవుతుంది. అమెరికాలో ఉన్న కూతురికి నెలలు నిండుతున్నాయి, పురుడు పోయడానికి అమ్మ వెళ్లాలి. లేదా ఉద్యోగం లేని కుమారుడు చుట్టపుచూపుగా వెళ్లి అక్కడేదో చూసుకోవాలనుకుంటాడు. హైదరాబాదు నానక్‌రామ్‌గూడలోని కాన్సులేటులో కిటికీ ముందు రెండు మూడు ప్రశ్నలు, ఆ తర్వాత చేతికి ఒక కాగితం. దాని మీద 214(బి) అని ఉంటుంది. చాలామంది దాన్ని నేరం మోపిన పత్రంలా చూస్తారు. నిజానికి ఆ సెక్షను చెప్పేది ఇంతే: అడిగిన ప్రతివారూ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నారని చట్టం ముందే అనుకుంటుంది, అలా కాదని అధికారిని ఒప్పించాల్సిన బాధ్యత అడిగినవారిది. ఆ రోజు ఒప్పించలేకపోయారు, అంతే. అప్పీలు లేదు గాని, మళ్లీ దరఖాస్తు పెట్టుకోకూడదనే నిషేధమూ లేదు.

కానీ ఊళ్లో ఆ కాగితానికి వేరే అర్థం ఉంది. వీసా కోసం ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవి ఇచ్చాము, అందరూ చేతులెత్తి ప్రార్థించారు. వచ్చే ఆదివారం "ఏమైందండీ?" అని అడుగుతారు. ఏం చెప్పాలి? వీసా వచ్చినవారు కృతజ్ఞతా కూడిక పెట్టి సాక్ష్యం చెబుతారు, రానివారు రెండు వారాలు గుడికే రారు. చిలుకూరుకు వీసా బాలాజీ అనే పేరు వచ్చిందని మనవాళ్లు నవ్వుకుంటారు గాని, మన ప్రార్థన మనవుల పెట్టె తెరిచి చూస్తే నవ్వేందుకు ఏమీ ఉండదు. విశ్వాసానికి వీసాను కొలబద్ద చేసినది మన సంఘాలే. ఆ పరువు బాధను కనిపెట్టి బేరం పెట్టేవాడే ఏజెంటు.

అతను చెప్పే మాట ఇలా ఉంటుంది: "వీసా అడిగారు, ఇవ్వలేదు. ఇక మీరు అడగాల్సిన పని లేదు. ముందు వీసా అక్కర్లేని దేశానికి వెళ్దాం." పంజాబీలో ఈ దారిని డంకీ అంటారు. ఆ పేరుతో షారుఖ్ ఖాన్ సినిమా 2023 డిసెంబరు 21న విడుదలైంది. సరిగ్గా అదే రోజు ఫుజైరా నుంచి నికరాగువా వెళ్తున్న విమానం ఇంధనం కోసం ఫ్రాన్సులోని వాత్రీలో దిగితే పోలీసులు ఆపేశారు. అందులో 303 మంది ఉన్నారు, ఎక్కువమంది భారతీయులే. నాలుగైదు రోజులకు 276 మంది ముంబయికి తిరిగొచ్చారు. అలా తిరిగొచ్చినవాళ్లు ఒకరకంగా అదృష్టవంతులు. ఇంకొన్ని దారుల్లో కొలంబియా, పనామా దేశాల మధ్య డేరియన్ అడవిని కాలినడకన దాటాలి. 2023లో ఆ అడవి దాటినవారు అన్ని దేశాలవారూ కలిసి 5 లక్షలకు పైనే. ఫిబ్రవరిలో అమృత్‌సర్‌లో దిగినవారిలో కొందరు 40 లక్షలు, 50 లక్షలు ఇచ్చామని విలేకరులకు చెప్పారు. అమ్మిన పొలం, తాకట్టు పెట్టిన ఇల్లు తిరిగి రావు.

కెనడా వైపు దారి సులువని మరో మాట ప్రచారంలో ఉంది. గుజరాత్‌లోని డింగుచా గ్రామానికి చెందిన ఒక కుటుంబం 2022 జనవరిలో ఆ దారినే వెళ్లింది. కెనడాకు సందర్శక వీసా వారికి ఉంది, అమెరికాకు లేదు. గాలితో కలిపి మైనస్ 35 డిగ్రీల చలిలో, రాత్రివేళ, మంచు మైదానంలో నడిచారు. తండ్రి, తల్లి, 11 ఏళ్ల అమ్మాయి, 3 ఏళ్ల బాబు, నలుగురూ సరిహద్దుకు 12 మీటర్ల ఇవతలే గడ్డకట్టి చనిపోయారు. వారిని తరలించిన ఇద్దరిని మిన్నెసోటా కోర్టు 2024 నవంబరులో దోషులుగా తేల్చింది. 2025 మే నెలలో ఒకరికి పదేళ్లు, మరొకరికి ఆరున్నరేళ్లు శిక్ష పడింది.

ప్రాణాలతో దాటినవారి సంగతి చూద్దాం. తనిఖీ తప్పించుకుని మొదటిసారి ప్రవేశించడం అమెరికా చట్టంలో ఆరు నెలల వరకు జైలు పడగల నేరం. సరిహద్దులో పట్టుకుని సత్వరమే వెనక్కి పంపితే ఐదేళ్లు మళ్లీ రాకూడదు. న్యాయమూర్తి ఉత్తర్వుతో పంపితే సాధారణంగా పదేళ్లు. పంపేశాక మళ్లీ దొంగచాటుగా వస్తే శాశ్వత నిషేధం, కనీసం పదేళ్లు బయట ఉన్న తర్వాతే మినహాయింపు అడగడానికి వీలవుతుంది. అంటే నిన్నటి వరకు మళ్లీ అడగగలిగిన మనిషి, ఏజెంటుకు డబ్బిచ్చి ఆ హక్కును పోగొట్టుకుంటున్నాడు. ఈ ఒక్క సంగతి ఇంటింటా తెలిస్తే సగం బేరాలు ఆగుతాయని మా నమ్మకం.

ఇక్కడ కొందరు సహోదరులు ఒక ప్రశ్న వేస్తారు. యోసేపు మరియలు బాలయేసును తీసుకుని ఐగుప్తుకు ఏ వీసా మీద వెళ్లారు? ప్రశ్న మంచిదే. వాళ్లు హేరోదు కత్తికి భయపడి పారిపోయారు. అటువంటివారి కోసమే 1951 శరణార్థుల ఒప్పందంలో 31వ అధికరణం ఉంది. ప్రాణభయం ఉన్న చోటునుంచి నేరుగా వచ్చి, ఆలస్యం చేయకుండా అధికారుల ముందు నిలిచి తగిన కారణం చెప్పుకున్నవారిని, అనుమతి లేకుండా వచ్చారని శిక్షించకూడదని అది చెబుతుంది. పురుడు పోయడానికో, మంచి జీతానికో వెళ్లేవారి అవసరం చిన్నదని మేము అనము. కానీ అది హేరోదు భయం కాదు.

ఈ తేడాను చెరిపేయడానికి మన దగ్గరే ఒక పని జరుగుతోంది. అందుకే ఇంత దూరం రాశాము. దొంగదారిన వెళ్లినవారికి ఏజెంట్లు నేర్పే పాఠాల్లో ఒకటి, ఆశ్రయం కోరమనడం. క్రైస్తవ పేరున్నవారికైతే కథ సిద్ధంగా ఉంటుంది. విశ్వాసం నిమిత్తం హింస పడ్డామని, సంఘ కాపరి ఉత్తరం తెమ్మని చెబుతారు. "అయ్యగారూ, ఒక్క లెటరే కదా, పిల్లవాడి భవిష్యత్తు" అంటూ తల్లిదండ్రులు వచ్చి కూర్చుంటారు. మా దగ్గరికీ వచ్చారు. మేము ఇవ్వలేదు. కాపరులైన సహోదరులకు మా విన్నపం: సభ్యత్వం, బాప్తిస్మం తేదీ, హాజరు మీకు తెలిసినంతవరకు రాసివ్వండి. జరగని దాడిని రాసివ్వకండి. ఆశ్రయం కోసం తెలిసి తెలిసి కల్పిత కథ పెట్టాడని తేలితే, ఆ మనిషికి అమెరికా వలస చట్టం కింద దాదాపు ఏ మేలూ ఇక జీవితకాలం దక్కదు. అంతకంటె పెద్ద నష్టం, నిజంగా దెబ్బలు తిన్న విశ్వాసి రేపు అదే బల్ల ముందు కూర్చున్నప్పుడు అతని ఉత్తరాన్నీ అనుమానంగా చూస్తారు.

ప్రభుత్వాల వంతు కూడా ఉంది. 1983 వలసల చట్టం విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంట్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. టూరిస్టు వీసా ఇప్పిస్తామనేవారు, సీటు ఇప్పిస్తామనేవారు దాని పరిధిలోకి రారు. పంజాబ్ 2012లో ట్రావెల్ ఏజెంట్లకు లైసెన్సు చట్టం తెచ్చుకుంది. అయినా ఆ విమానంలో 30 మంది పంజాబ్ వాళ్లే కాబట్టి, చట్టం ఉండటం ఒకటి, అమలు మరొకటి. మన రెండు రాష్ట్రాల్లో ఫిర్యాదు వచ్చాక మోసం కేసు పెట్టడమే ఎక్కువగా కనిపిస్తోంది.

నిరాకరణ వచ్చిన ఇంటివారు ఏం చేయాలని అడుగుతున్నారు. మా సంఘంలో ఒక తల్లికి రెండుసార్లు కాదన్నారు. కాన్పుకు వెళ్లలేకపోయింది, చాలా ఏడ్చింది. బిడ్డకు ఏడాది నిండాక కూతురే తీసుకొచ్చి చూపించింది. మూడోసారి పెట్టమంటారా అని ఆమె మొన్న అడిగింది. పెట్టుకోమనే చెప్పాము. ఫీజు 185 డాలర్లు మళ్లీ కట్టాలి, అది తిరిగి రాదు. ఇంతకుముందు నిరాకరించారా అనే ప్రశ్న ఆ ఫారంలో ఉంటుంది. అక్కడ అవునని పెట్టి, రెండు తేదీలూ రాయమన్నాము.