తెర గోడమీద, సాక్ష్యం పెట్టెలో

2022 ఆగస్టు 4న హైదరాబాదు బంజారాహిల్స్‌లో పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది. ఆ ఫోటోలు మీరు పత్రికల్లో చూసే ఉంటారు. గోడంత తెర, దానిమీద గళ్ళు గళ్ళుగా వీధులు, చౌరస్తాలు, వచ్చేపోయే జనం. ఇంత పెద్ద కన్ను మన రాజ్యానికి ఎప్పుడూ లేదు. మరి ఆ కన్ను వాడవైపు ఎట్లా చూస్తది, ఠాణా లోపలికి చూస్తదా లేదా? ఇది అడగాలంటే ముందు ఆ సామాను సంగతి మనకు కొంచెం తెలియాలి. సార్ల సామాను మనకెందుకని ఊరుకుంటే నష్టపోయేది మనమే.

కెమెరా తీసిన బొమ్మను ఉన్నదున్నట్టు పంపాలంటే చాలా బరువు. అందుకని దాన్ని నొక్కి మూటగట్టి నెట్‌వర్క్ మీద పంపుతారు. అవతల ఆ మూట విప్పి తెరకు అందించే పెట్టె పేరు డీకోడర్. మన ఇంట్లో డిష్ పెట్టె చేసే పనే. కాకపోతే ఇది ఒకేసారి ఎన్నో కెమెరాల మూటలు విప్పి, పక్కపక్కన పెట్టిన తెరలన్నిటినీ కలిపి ఒకే తెరలాగా చూపిస్తది.

కొన్ని డీకోడర్లకు హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ అని ఇంకొక తొర్ర ఉంటది. దానికీ కెమెరాకూ సంబంధం లేదు. లాప్‌టాప్ తీగ అందులో గుచ్చితే లాప్‌టాప్‌లో ఉన్నది పెద్ద తెర ఎక్కుతది. మ్యాపు కావచ్చు, మీటింగు లెక్కలు కావచ్చు, నిన్నటి వీడియో కావచ్చు. కెమెరా బొమ్మల పక్కనే ఒక గడిలో కూర్చుంటది. ఏది ఇప్పుడు జరుగుతున్నది, ఏది లాప్‌టాప్‌లోంచి వస్తున్నది, ఎదురుగా నిలబడి చూసేవాడు పోల్చుకోవడం కష్టం. ఇది యంత్రం తప్పు కాదు, ఆఫీసు పనికి ఆ సౌకర్యం అవసరమే. కాని రేపు ఎవరన్నా అధికారి 'తెరమీద మేమే చూశాం, అక్కడ ఏ గొడవా లేదు' అంటే అది ఆయన నోటిమాట. సాక్ష్యం కాదు.

ఎందుకంటే డీకోడర్ పని చూపించడం. దాచేది వేరే పెట్టె, రికార్డర్. దాని కడుపులో హార్డ్‌డిస్కు ఉంటది. మామూలుగా డిస్కు నిండగానే పాతది చెరిగి దానిమీదే కొత్తది పడుతూ పోతది. మనోళ్ళు దెబ్బలు తిని, ఆస్పత్రిలో పడి, పెద్దమనుషుల రాజీ పంచాయతీల చుట్టూ తిరిగి, చివరికి ఠాణా మెట్లెక్కేసరికి ఆ రోజు బొమ్మ మాయం. ఎవరూ చెయ్యి పెట్టి చెరపనక్కర్లేదు. మనల్ని నాలుగు వారాలు తిప్పితే చాలు!

ఇక ఠాణా సంగతి. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రతి ఠాణాలో గేటు దగ్గర, లాకప్పుల్లో, వరండాల్లో, ఎస్సై గదిలో, వెనకవైపున కూడా కెమెరాలుండాలి. మాట కూడా రికార్డవ్వాలి. 18 నెలలు దాచాలి, అంత దాచే సామాను దొరక్కపోతే ఏడాదికి తగ్గకూడదు. కెమెరాలు సక్రమంగా పనిచేయించే బాధ్యత ఠాణా అధికారిదే. ఈ తీర్పు వచ్చి ఆరు నెలలు దాటినాక, 2021 జూన్‌లో, అడ్డగూడూరు ఠాణాలో దొంగతనం అనుమానం మీద పట్టుకుపోయిన ఒక దళిత తల్లి ప్రాణం పోయింది. ఇటువంటి చావు జరిగినప్పుడు మన మొదటి ప్రశ్న ఇదే కావాలి: లాకప్పు కెమెరా రికార్డు ఎక్కడ? 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టే, ఠాణాల్లో కెమెరాలు పనిచేయని సంగతిని తనంతట తాను విచారణకు తీసుకుంది. చౌరస్తాలో మన నడక గోడమీద కనపడుతుంటే లాకప్పులో పడ్డ దెబ్బ ఎందుకు కనపడదు?

ఊళ్ళ సంగతి ఇంకొకటి. 'నేను సైతం' పేరుతో దాతల డబ్బుతో కెమెరాలు పెట్టిస్తున్నారు. డబ్బు ఎవరిస్తే వాళ్ళ గేటు ముందు కెమెరా పడితే ఆశ్చర్యమేముంది? అది వాడ మొగదలను చూస్తున్నదా, గుడి ముందర మనల్ని ఆపే చోటును చూస్తున్నదా, ఒకసారి తలెత్తి చూడండి.

కార్యకర్తలకు ఒక మాట. ఏదన్నా జరిగితే ఆ వారంలోనే కాగితం పెట్టండి. ఏ తేదీ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఏ చోటి కెమెరా అన్నీ రాసి, 'రికార్డర్‌లో ఉన్నది చెరగకుండా భద్రపరచాలి' అని స్పష్టంగా అడగండి. రసీదు తీసుకోనిదే కదలొద్దు. ఒక కాపీ ఎస్పీకి, ఇంకొకటి మానవ హక్కుల కమిషన్‌కు పంపండి. ఠాణాలో కొట్టిన కేసయితే ఆ ఫుటేజీని వెంటనే తెప్పించుకునే అధికారం కమిషన్‌కు ఉందని ఆ తీర్పే చెప్పింది. కోర్టుకు వెళ్ళేటప్పుడు ఫుటేజీతోపాటు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం కూడా కావాలి, వకీలుకు గుర్తుచేయండి.

అదే తీర్పు ఇంకో మాటా చెప్పింది. 'ఇక్కడ కెమెరాలున్నాయి, మీ హక్కులు దెబ్బతింటే ఫిర్యాదు చేయవచ్చు, ఫుటేజీని భద్రపరచమని అడిగే హక్కు మీకుంది' అని ప్రతి ఠాణా లోపలా, గేటు దగ్గరా స్థానిక భాషలో కూడా పెద్ద బోర్డు పెట్టాలి. మీ మండలం ఠాణాకు ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. ఆ బోర్డు ఉందా, తెలుగులో ఉందా, చదవడానికి అందేటట్టు ఉందా చూసి, పై సంచిక లోపల మాకు రాయండి.