రోజూ ఆఫీసుకు క్యాబ్.. కాంట్రాక్టర్లు ఆ ఖర్చు టాక్స్‌లో చూపించొచ్చా? అసలు మెలిక ఇదీ!

ఉదయం మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి క్యాబ్. సాయంత్రం మళ్లీ క్యాబ్. రోజుకు 500 అనుకున్నా నెలకు 22 రోజులకు 11 వేలు. పక్క సీట్లో కూర్చునే పర్మినెంట్ ఉద్యోగికి కంపెనీ బండి వస్తుంది, కాంట్రాక్టు మీద పనిచేసే కన్సల్టెంట్‌కు మాత్రం సొంత జేబే దిక్కు. అందుకే రిటర్న్‌ల సీజన్ వస్తే చాలు, ఒకటే డౌట్.. "జీతగాణ్ని కాదు కదా, ఈ క్యాబ్ బిల్లులన్నీ చూపించి టాక్స్ తగ్గించుకోవచ్చా?"

ఎక్కువ మంది విషయంలో సమాధానం.. అక్కర్లేదు. చూపిస్తే నష్టం కూడా.

కారణం 44ఏడీఏ సెక్షన్. టెక్నికల్ కన్సల్టెన్సీ, వైద్యం, న్యాయం, ఇంజినీరింగ్ లాంటి వృత్తుల్లో ఏడాది రాబడి 50 లక్షలు దాటకపోతే (నగదు 5 శాతం మించకుంటే 75 లక్షలు) అందులో సగమే ఆదాయంగా చూపించొచ్చు. మిగతా సగం ఖర్చుల కింద పోయినట్టే. బిల్లు అడగరు. క్యాబ్, పెట్రోల్, ల్యాప్‌టాప్, ఇంటర్నెట్.. అన్నీ ఆ సగంలోనే. మళ్లీ విడిగా ట్రావెల్ క్లెయిమ్ అంటే కుదరదు.

2025-26 ఆదాయంతో లెక్క చూద్దాం. నెలకు లక్షా పాతిక వేలు, అంటే ఏడాదికి 15 లక్షలు. 44ఏడీఏ ప్రకారం ఆదాయం ఏడున్నర లక్షలు. కొత్త విధానంలో 12 లక్షల దాకా రిబేట్ ఉంది కాబట్టి, వేరే ఆదాయం లేకపోతే టాక్స్ సున్నా. కంపెనీ 10 శాతం చొప్పున కోసిన లక్షన్నర టీడీఎస్ మొత్తం వెనక్కి వస్తుంది. అదే మనిషి అసలు ఖర్చులే చూపిస్తానంటే? క్యాబ్‌కు లక్షా 32 వేలు, మిగతావాటికి ఓ లక్ష. పన్ను పడే ఆదాయం 12.68 లక్షలు. టాక్స్ 70 వేలు దాటుతుంది!

మరి బిల్లులు ఎవరికి పనికొస్తాయి? ఖర్చులు నిజంగా సగానికి మించినవాళ్లకు, 44ఏడీఏ పరిమితి దాటినవాళ్లకు. అయితే సగం కంటే తక్కువ ఆదాయం చూపిస్తే లెక్కల పుస్తకాలు, ఆడిట్ తప్పవు. అప్పుడు 37(1) సెక్షన్ ఎదురవుతుంది. ఖర్చు పూర్తిగా వృత్తి కోసమే అయి ఉండాలి, సొంత ఖర్చు కాకూడదు. ఒక క్లయింట్ దగ్గర్నుంచి ఇంకో క్లయింట్ దగ్గరికి, పని మీద బెంగళూరుకు వెళ్తే పెద్దగా పేచీ ఉండదు. ఇంటి నుంచి రోజూ ఒకే ఆఫీసుకు వెళ్లి రావడం దగ్గరే తంటా. ఇల్లు ఎక్కడ ఉండాలన్నది మీ ఇష్టం, కాబట్టి ఆ ఖర్చూ మీ సొంతమే అని అధికారి అనగలడు. సొంత కారైతే ఇంటి అవసరాలకు తిరిగిన వాటా తీసేయాలి. ఒక్క రోజులో ఒకరికే 10 వేలకు మించి క్యాష్ ఇస్తే ఆ ఖర్చు చెల్లదు.

అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది, చాలామంది దీన్ని గమనించరు. ఏడాది పొడవునా ఒకే ఆఫీసు, ఒకే టైమ్, ఒకే క్లయింట్ అని చూపించే క్యాబ్ బిల్లుల కట్ట చివరికి దేనికి సాక్ష్యం? 'ఇది కన్సల్టెన్సీ కాదు, ఉద్యోగమే' అనడానికి! కన్సల్టెంట్ డాక్టర్లకు ఇచ్చేది ఫీజా, జీతమా అన్న గొడవ హైకోర్టుల దాకా వెళ్లింది. ఒప్పందంలో ఏముంది, సెలవులు, పీఎఫ్ ఉన్నాయా, బయట పనిచేసే స్వేచ్ఛ ఉందా అని చూస్తారు. జీతమే అని తేలితే సగం మినహాయింపు ఎగిరిపోతుంది. మిగిలేది 75 వేల స్టాండర్డ్ డిడక్షన్.

డెలివరీ బాయ్స్ సంగతి వేరు. వాళ్లకు తిరగడమే పని, పెట్రోలే పెట్టుబడి. చాలామంది ఆదాయం పన్ను దాకా రాదు. కాకపోతే కోసిన టీడీఎస్ చేతికి రావాలంటే రిటర్న్ వేయాల్సిందే.

ఐటీ కన్సల్టెంట్ల దగ్గరకొస్తే, క్యాబ్ భారం నిజంగా తగ్గేది రిటర్న్‌లో కాదు, కాంట్రాక్టు సంతకం రోజు. ఇన్‌వాయిస్‌లో కలిపి అడిగితే అదీ రాబడిలోకే చేరుతుంది, టీడీఎస్ కూడా పడొచ్చు. క్యాబ్‌ను కంపెనీయే తన ఖాతాలో బుక్ చేస్తే ఆ డబ్బు కన్సల్టెంట్ లెక్కల్లోకే రాదు.