'బాగుంది' అంటే సరిపోదు

ఈ సెమిస్టర్‌లో సిలబస్ బయట నేను చదివినవి మూడే పుస్తకాలు. మూడూ ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నవే. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగి, కోఠి మీదుగా నడిస్తే చాలు. పోయిన నెల మన క్లబ్ మీటింగ్‌లో "ఎలా ఉన్నాయి?" అని అడిగితే మూడింటికీ కలిపి ఒకటే మాట చెప్పాను. "బాగున్నాయి." అందరూ తలూపారు. నా తర్వాతివాడు కూడా తన పుస్తకం గురించి అదే మాట చెప్పి కూర్చున్నాడు.

నిజం చెప్పాలంటే, ఆ రోజు నేను రెండు అబద్ధాలు చెప్పాను.

మొదటిది వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' గురించి. 1955లో వచ్చిన నవల. నిజాం కాలం నాటి పల్లె, దొరతనం, దాన్ని ఎదిరించే కంఠీరవం కథ. మొదలు బాగా పట్టుకుంది. మధ్యలో మాత్రం కథ ఆగి మాటలు సాగుతున్నట్టు అనిపించి వారం రోజులు పక్కన పడేశాను. ఆ సంగతి చెప్పడానికి భయమేసింది. అంత పెద్దాయన పుస్తకం బోర్ కొట్టిందంటే ఏమనుకుంటారో అని. కానీ ఆ ఆళ్వారుస్వామే 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ తిరిగి అమ్మిన మనిషి. పాఠకుల మొహం మీద విసుగు ఆయన చూడకుండా ఉంటాడా? నేను ఆగిన చోటు చెప్పి ఉంటే, అక్కడ ఆగకుండా చదివినవాళ్లు ఎవరైనా "అరే, అసలు సంగతి అక్కడే ఉంది" అని చెప్పేవాళ్లేమో.

రెండోది డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' గురించి. 1957లో తెలుగు స్వతంత్రలో సీరియల్‌గా మొదలైంది. ఇందులో ఇందిర ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తుంది. వాళ్ల మేడ మీద గదిలో ప్రకాశం అనే మెడికల్ స్టూడెంట్ అద్దెకుంటాడు. తనకేం కావాలో ఇందిరకి బాగా తెలుసు, దాన్ని దాచుకోదు. నాకు ఆమె నచ్చలేదు. సైదాబాద్‌లో మా హాస్టల్ రూమ్‌లో "వట్టి స్వార్థపరురాలు రా" అని తీర్పు చెప్పేశాను. పుస్తకం ముట్టుకోని రూమ్మేట్ కూడా "అవును" అన్నాడు. కేసు అక్కడే క్లోజ్.

దసరాకి ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కి ఊరికి పోయినప్పుడు ఆ పుస్తకం బ్యాగులోనే ఉంది. మా అక్క రెండు రాత్రుల్లో చదివేసింది. అక్క బీఎస్సీ అయ్యాక ఎమ్మెస్సీ చదువుతానని, చదవలేదు. ప్రైవేటు స్కూల్లో టీచర్.

"ఇందిర స్వార్థపరురాలు కదక్కా?" అన్నాను.

"ఇంట్ల సంపాదించేది ఆమె ఒక్కతే కదరా?"

"అవును."

"మరి ఆమె ఒక్కపారి తన గురించి ఆలోచిస్తే స్వార్థమెట్లయితది?"

అంతే. పేపర్లు దిద్దుకోవడంలో పడిపోయింది. ఇంకేం అనలేదు. తిరుగు బస్సులో లెక్కేసుకున్నాను. నా మొదటి ఏడాది హాస్టల్ ఫీజు ఎవరి జీతంలోంచి కట్టారో, ఎమ్మెస్సీ ఏ ఏడాది ఆగిపోయిందో. రెండూ ఒకటే ఏడాది. మూడేళ్లుగా ఆ రెంటినీ నేను పక్కపక్కన పెట్టి చూడలేదు.

నా అభిప్రాయం ఇదే. చదవడం ఒంటరిగా చేసే పనే, కానీ చదివినదాన్ని ఇంకొకరి ముందు పెడితేనే మనం ఏం మిస్సయ్యామో తెలుస్తుంది. 'బాగుంది' అనే మాట ఆ అవకాశాన్ని అక్కడే మూసేస్తుంది. విసుగునీ దాస్తుంది, కోపాన్నీ దాస్తుంది. ల్యాబ్ రికార్డులో ఎర్రర్ రాయకుండా ఫ్రెండ్ రీడింగ్స్ దించేసినట్టే.

"ఎగ్జామ్స్, ప్లేస్‌మెంట్స్ మధ్య చదవడమే ఎక్కువ, మళ్లీ దీని మీద చర్చలా?" అని కొందరు అంటారు. అందులో న్యాయం ఉంది. పెద్ద వ్యాసాలు ఎవరూ అడగట్లేదు. వచ్చే మీటింగ్ నుంచి ఒక్కొక్కరం మూడు సంగతులు చెబుదాం. ఎక్కడ ఆగిపోయాం? ఎవరితో గొడవపడ్డాం? చదివాక ఎవరికిస్తాం?

మూడో పుస్తకం కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోయిన ముసలాయన కథ. దాని విషయంలో మాత్రం అబద్ధం చెప్పలేదు. ఎక్కడా ఆగలేదు, ఒక్క రాత్రిలో అయిపోయింది. అది రూమ్మేట్‌కి ఇచ్చాను. ఈసారి చదివాకే అవునో కాదో చెప్పమన్నాను.

'కాలాతీత వ్యక్తులు' ఎవరికైనా కావాలంటే కొంచెం ఆగాలి. నా దగ్గర లేదు. అక్క తన స్కూల్లో ఇంకో టీచర్‌కి ఇచ్చిందట.