శుద్ధయ్యాక పెరిగే రసాయనం

మురుగునీటి శుద్ధి కేంద్రం (ఎస్టీపీ) పనితీరును కొలిచే పద్ధతి ఎప్పటినుంచో ఒకటే. లోపలికొచ్చిన మాలిన్యం ఎంత, బయటికెళ్లింది ఎంత అని చూసి, తేడాను శాతాల్లో చెబుతారు. పీఎఫ్‌ఓఏ అనే రసాయనం దగ్గర ఈ లెక్క తలకిందులవుతుంది. అమెరికాలో పలు కేంద్రాల్లో లోపలికొచ్చిన మురుగులోకంటే శుద్ధి చేసి వదిలిన నీటిలోనే అది ఎక్కువగా తేలింది. పరీక్షలో పొరపాటేమీ లేదు. అది తొట్టెల్లోనే తయారవుతోంది.

నాన్‌స్టిక్ పెనాలు, తడి అంటని బట్టలు, నూనె పీల్చని ఆహార పొట్లాలు, మంటలార్పే నురగ... వీటిలో వాడే ఫ్లోరిన్ రసాయనాల కుటుంబమే పీఫాస్. వేల రకాలున్నాయి; పీఎఫ్‌ఓఏ వాటిలో ఒకటి. కార్బన్, ఫ్లోరిన్‌ల బంధం ఎంత గట్టిదంటే, మురుగులోని మలినాలను తిని బతికే బ్యాక్టీరియాకు అది కొరుకుడుపడదు. అలాగని బ్యాక్టీరియా ఊరుకోదు. పెద్ద అణువులో ఫ్లోరిన్ లేని కొసను తినేసి, ఫ్లోరిన్ ఉన్న భాగాన్ని వదిలేస్తుంది. అలా మిగిలేవే పీఎఫ్‌ఓఏ వంటి మొండి ఆమ్లాలు. వీటికి మూలమైన మాతృ రసాయనాల్లో ఒకదాన్ని ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో టాయిలెట్ పేపర్‌లోనూ, మురుగు బురదలోనూ పట్టుకున్నారు. మామూలు పరీక్షలు వెతికేది కొన్ని పదుల రకాలనే. అందుకే చాలా మాతృ రసాయనాలు వచ్చేటప్పుడు లెక్కకు చిక్కవు, ఆమ్లాలుగా మారి వెళ్లేటప్పుడే చిక్కుతాయి.

ముందే మొండి రూపంలో వచ్చినవాటిని ఎస్టీపీ పంచిపెడుతుంది, అంతే. ఎనిమిది కార్బన్ల పీఎఫ్‌ఓఎస్ లాంటి పొడవు గొలుసులు ఎక్కువగా బురదను పట్టుకుంటాయి. నాలుగు కార్బన్ల పొట్టి గొలుసులు నీటితోపాటు నదిలోకి జారుకుంటాయి. సబ్బులాగే ఇవీ నీటి పైపొరకు చేరతాయి కాబట్టి, గాలి కొట్టే తొట్టెల మీది నురగలో వీటి సాంద్రత మరీ ఎక్కువ.

బురద వాటా పొలాలకు పోయింది. అలబామా రాష్ట్రం డెకటూర్‌లో ఫ్లోరిన్ రసాయన పరిశ్రమల వ్యర్థజలాలు కలిసిన ఎస్టీపీ బురదను 2008 దాకా, పన్నెండేళ్లకు పైగా, సుమారు 5,000 ఎకరాల్లో ఎరువుగా చల్లారు. తర్వాతి పరీక్షల్లో మట్టిలో, గడ్డిలో, బావి నీళ్లలో పీఫాస్ బయటపడింది. మెయిన్ రాష్ట్రంలో ఇలాంటి పొలం మీద బతికిన ఒక పాడి రైతు పాలు అమ్ముకోలేని స్థితికి వచ్చాడు. 2022లో ఆ రాష్ట్రం పొలాల్లో బురద చల్లడాన్ని పూర్తిగా నిషేధించింది. అమెరికాలో అదే మొదటిది. సరైన నిర్ణయమే. కానీ ఆ బురదను చెత్త డంపుకు తరలిస్తే, డంపు అడుగున ఊరే నీటిని సాధారణంగా తోలేది మళ్లీ ఎస్టీపీకే!

కాబట్టి ఎస్టీపీని దాటి వెనక్కి నడవాలి. మిషిగన్‌లోని లపీర్ అనే చిన్న ఊరు ఆ పనే చేసింది. అక్కడి ఎస్టీపీ నీటిలో 2017లో పీఎఫ్‌ఓఎస్ భారీగా కనిపిస్తే, ఆరా తీసినవాళ్లు ఒక క్రోమ్ ప్లేటింగ్ కర్మాగారం దగ్గర తేలారు. ఆ పరిశ్రమలో ఈ రసాయనాన్ని వాడింది కార్మికుల మేలు కోసమే. క్రోమిక్ ఆమ్లం తొట్టెల నుంచి క్యాన్సర్ కారక తుంపరలు లేవకుండా పీఎఫ్‌ఓఎస్ కలిపేవారు. 2015లో ఆ వాడకాన్ని నిషేధించినా, తొట్టెలకూ పైపులకూ పట్టినది కడుగునీటితో వస్తూనే ఉంటుంది. కర్మాగారంలోనే యాక్టివేటెడ్ కార్బన్ వడపోత పెట్టించాక, ఎస్టీపీ నుంచి వెలువడే పీఎఫ్‌ఓఎస్ దాదాపు 99 శాతం తగ్గింది. ఊరి మురుగునంతా వడకట్టాల్సిన పని పడలేదు. ఇళ్ల నుంచి వచ్చేదాన్ని ఇలా ఆపలేం, నిజమే. దానికి ఆయా వస్తువుల్లో పీఫాస్ వాడకాన్నే మాన్పించాలి. అయితే పరిశ్రమల వాటాను వదిలేయడానికి అది సాకు కాకూడదు.

మన దగ్గర సంగతేమిటి? కేంద్రం 2017లో ఎస్టీపీలకు ఇచ్చిన ప్రమాణాల్లో ఉన్నవి నాలుగే: పీహెచ్, బీఓడీ (కుళ్లే మలినాల కొలత), నీటిలో తేలే ఘనపదార్థాలు, ఫీకల్ కోలిఫామ్ (మలంలోని బ్యాక్టీరియా). ఈ నాలుగింటిలో నెగ్గిన నీరు శుద్ధమైనట్టే లెక్క. తాగునీటిలో పీఎఫ్‌ఓఏ, పీఎఫ్‌ఓఎస్‌లు లీటరుకు 4 నానోగ్రాములు మించరాదని అమెరికా 2024లో పరిమితి పెట్టింది. అంత సూక్ష్మ మోతాదుల గురించి మన నాలుగు కొలతలు చెప్పగలిగేది శూన్యం.

పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థజలాలను ఉమ్మడి శుద్ధి కేంద్రంలో శుద్ధి చేశాక, 18 కిలోమీటర్ల పైపులైను మీదుగా నగర మురుగులో కలిపి అంబర్‌పేట ఎస్టీపీకి పంపే ఏర్పాటు హైదరాబాద్‌లో చేశారు. పరిశ్రమల నీరూ ఇళ్ల మురుగూ ఒకే తొట్టెలోకి చేరే ఇలాంటి చోటే కాలుష్య నియంత్రణ మండలి మొదలుపెట్టాలి. పైపు కొసన ఒక నమూనా, ఎస్టీపీ గేటు బయట ఒకటి, ఎండిన బురదలోంచి ఒకటి తీయాలి. మాతృ రసాయనాలను కూడా బయటపెట్టే ఆక్సీకరణ పరీక్షకు పంపాలి. క్రోమ్ ప్లేటింగ్ షెడ్ల, వస్త్రాలకు రసాయన పూత వేసే యూనిట్ల జాబితా పక్కన పెట్టుకుని ఆ ఫలితాలను చదివితే, కార్బన్ వడపోత ఎవరి ఖర్చుతో ఎక్కడ పెట్టించాలో తేలుతుంది.